పలుచన

లేవార్డెన్ ఆసుపత్రి, వృద్ధుల వార్డు,
పదకొండో మంచం.
బౌక్యె వియార్దా, ఎనభై ఆరేళ్లు.
డోకుమ్ వెళ్లే కాలువ మీద
ముప్పై ఏళ్లు వంతెన కావలి.
పడవ వస్తే వంతెన ఎత్తేది,
గాలపు కర్రకు కట్టిన చెక్క బూటును
పడవవాళ్ల మీదికి ఊపేది,
సుంకం అందులో పడేది.

"ఒక్క నాణెమూ నీళ్లపాలు కాలేదు" అంటుంది.
"ఒక్కటీ?"
"సరే, రెండు."

మణికట్టు పట్టుకుని నిమిషం నిండా లెక్కపెడతాను.
రెండు దగ్గరదగ్గరగా, ఒకటి ఆలస్యంగా,
తరువాత ఏమీ లేదు,
తరువాత దడి విరిగిన గొర్రెల్లా
నాలుగు ఒక్కసారే తోసుకుంటూ.

గుండె పైగదికి చెవిలాంటి చిన్న సంచి ఉంటుంది,
లయ తప్పితే రక్తం అక్కడ నిలిచిపోతుంది,
నిలిచినచోట గడ్డ పుట్టి
మెదడుకు ఎక్కుతుంది అని చెప్పబోయాను.
"నిలవ నీటి సంగతి నాకు చెబుతున్నావా?
వంతెన స్తంభం వెనక ఒక మూల ఉండేది.
నాచు, ఆకులు, ఒకసారి చచ్చిన బాతు,
అన్నీ అక్కడికే చేరేవి.
గెడ పట్టి నేనే కెలికేదాన్ని."

కాగితం మీద మార్కులు వేశాను.
వయసుకు రెండు, రక్తపోటుకు ఒకటి, చక్కెరకు ఒకటి.
"ముసలితనానికి మార్కులిచ్చే పరీక్ష
ఇదొక్కటే చూశాను" అంది.

రెండో కాగితమూ ఉంది.
ఈ చలికాలం రెండుసార్లు పడింది,
వంటింట్లో ఒకసారి, మంచు పేరిన మెట్టు మీద ఒకసారి.
కణత మీద కమిలిన మచ్చ ఇంకా పసుపుగానే ఉంది.
మందు ఇచ్చాక మళ్లీ పడితే, తల లోపల...
ముందు నుయ్యి, వెనుక గొయ్యి,
మధ్యలో కలం పట్టుకుని నేను.

పదేళ్ల కిందట హెసెల్ అని ఒక బడిపంతులు.
ఆయనా పడేవాడు. నేను భయపడ్డాను.
"ఇప్పటికి వద్దు" అని రాశాను.
ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు, కుడివైపు చచ్చుబడి,
నోట్లో ఒకే ఒక్క మాట మిగిలి.
నీళ్లు కావాలన్నా "గురువారం."
భార్య ఇంటికి వెళ్తుంటే, "గురువారం, గురువారం."
నన్నెవరూ ఏమీ అనలేదు.
ఇచ్చిన మందుకు కారిన రక్తం కింద నా సంతకం ఉంటుంది.
ఇవ్వని మందుకు గడ్డకట్టిన రక్తం కింద
విధి సంతకం చేస్తుంది.
చేతిరాత మాత్రం నాదే.

"నా రక్తం పలుచన చేస్తారట"
పక్క మంచానికి చెబుతోంది బౌక్యె.
"పేరు మాని నంబరుతో పిలిచి
మనిషిని ఎప్పుడో పలుచన చేశారు.
ఇక మిగిలింది అదేగా."

పేరు పెట్టి పిలిచి, మంచం అంచున కూర్చున్నాను.
రెండూ జరగొచ్చు అన్నాను.
గడ్డ భయమే మీకు ఎక్కువని నా లెక్క,
లెక్కే, హామీ కాదు అన్నాను.
చాలాసేపు కిటికీలోకి చూసింది.
కింద కాలువ, అంచుల్లో గడ్డకట్టి,
నడుమ నల్లగా కదులుతూ.
చావు గురించి అడుగుతుందనుకున్నాను.

"కేల్ ఆకు తినొచ్చా?"

భర్త సీబ్రెన్ మింగింది పాత మాత్ర.
ఆకు ఎక్కువైతే మందు ఓడిపోతుందని
తొమ్మిది చలికాలాలు
బంగాళాదుంపల్లో మెదిపిన కేల్‌ను
గరిటెతో కొలిచి వడ్డించింది.
వారం వారం నెత్తురు చుక్క, పుస్తకంలో అంకె.
"జబ్బుతో కాదు, ఆ గరిటె మీద కోపంతో పోయాడు."

ఈ మాత్రకు ఆ పేచీ లేదు, తినండి అన్నాను.
మూత్రపిండాల అంకె మరోసారి చూసి
మోతాదు రాశాను.

రాత్రి నర్సు చిన్న గిన్నెలో మాత్ర తెచ్చింది.
బౌక్యె చెయ్యి చాచలేదు.
మంచం కిందినుంచి చెప్పు తీసి
ఆమె ముందు మెల్లగా ఊపింది.
నర్సు గిన్నెతో సహా అందులో పెట్టింది.

ఆ చెప్పు మడమ దగ్గర తెగి వేలాడుతోంది.
రెండోది వంగి చూశాను, అదీ అంతే.
చీటీ వెనక్కి తెప్పించి
మాత్ర కింద ఇంకో వరుస రాశాను:
కొత్త చెప్పులు, ఒక జత.